ఐలయ్య గది

గోడకు జావ పోస్తున్న స్వరూప ఉన్నట్టుండి ఆగిపోయింది. వంటింటి పక్కన గోడ ఉబ్బింది. నిన్న సాయంత్రం అక్కడ ఏమీ లేదు. ఇప్పుడు బోర్లించిన గంపంత మొగ్గ ఉంది. చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగిలింది.

"ఓయమ్మో! ఇల్లు గది మొగ్గేసింది!" అని ఏడో నెల కడుపును పట్టుకుని మొగుణ్ణి పిలిచింది. రాజమల్లు పళ్ళు తోముకుంటూనే పరుగెత్తుకొచ్చాడు. పుట్టబోయే బిడ్డకు గది! ఇద్దరికీ సంతోషం పట్టలేదు. వాళ్ళ స్థలంలో ఇంకొక్క గదికే చోటుంది మరి. ఆ గది రాకపోతే, మంచం వేస్తే కాలు పెట్టే సందు లేని ఆ ఇరుకులోనే బిడ్డను పెంచాలి.

రింగు రోడ్డుకు అవతలి పచ్చగోడల కాలనీలో ఇళ్ళు కట్టరు, పెంచుతారు. వాటిని ఎదుగిళ్ళంటారు. పునాదిలో నాటిన జీవపదార్థం రోజూ పోసే గోడజావ తాగి గోడగా, కప్పుగా, కిటికీగా ఎదుగుతుంది. ఇంట్లో ఎందరున్నారో దానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అడుగుల చప్పుడు, కంచాల చప్పుడు, ఒకరినొకరు పిలుచుకునే పిలుపులు, అన్నీ వింటుంది. మనిషి పెరిగితే గది వేస్తుంది, తగ్గితే గదిని తనలోకి లాక్కుంటుంది. గోడలకు చెవులుంటాయని పూర్వం ఊరికే అనేవారు. ఈ కాలనీలో ఆ చెవులు శుభ్రం చేయడానికి నెలకోసారి మనిషి వస్తాడు. అతణ్ణి ఇంటిమాలి అంటారు.

ఆ రోజు ఇంటిమాలి యాకూబ్ వచ్చి, ఆలకింపు గొట్టం మొగ్గకు ఆనించి చాలాసేపు విన్నాడు. అతని ముఖం మారింది.

"ఇది పసిపిల్లది కాదమ్మా. పెద్ద మనిషిది" అన్నాడు. మొగ్గ పొరను వేలితో కొంచెం పక్కకు తీశాడు. "గడప సూడుండ్రి, నేలకు సమానంగ పెట్టింది. గోడ పొడుగూత పట్టుకునే కమ్మీ పెంచుతున్నది. మోకాలు వంగనోళ్ళకు ఇట్ల పెడతది."

స్వరూప లోపలికి తొంగి చూసింది. జానెడు అరుగు ఒకటి అప్పుడే మంచంలా రూపు కడుతోంది. దాని మీద ఓ మనిషి ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే ఎలాంటి పల్లం పడుతుందో అలాంటి పల్లమే ఉంది. మామ ఐలయ్య అలాగే పడుకునేవాడు. ఆయన మోకాలే వంగేది కాదు. ఆయన పోయి రెండేళ్ళయింది.

"మొన్న పెత్తరమాసకు ఏం చేసిండ్రు?" అని యాకూబ్ అడిగాడు.

ఏం చేస్తారు, అందరూ చేసేదే చేశారు. పోయిన పెద్దలకు పెట్టుకున్నారు. ఐలయ్యకు ఇష్టమైన బోటి కూర, కల్లు, విస్తరిలో వడ్డించి తలుపు దగ్గరగా వేసి బయట నిలబడ్డారు. కాసేపాగి ఆయన పెండ్లాం పోశవ్వ తలుపు తట్టి, "తిన్నవా? తియ్యమంటవా?" అని అడిగింది. అదొక్కరోజైతే ఇల్లు పట్టించుకునేది కాదేమో. పోశవ్వ రోజూ పొద్దున్నే రెండు గ్లాసుల్లో చాయ్ పోసి, "ఇగో, చల్లారుతది" అనేది. కోడలి చీర బాగుందనీ, కొడుక్కి నౌకరీలో కష్టం ఎక్కువైందనీ ఆయనకే చెప్పుకునేది.

ఇక కడుపులోని బిడ్డ ఊసే ఆ ఇంట్లో లేదు. పుట్టకముందు పేరు పెట్టొద్దు, గుడ్డ కుట్టొద్దు, దిష్టి తగులుతుందని పోశవ్వ కట్టడి. అందుకే ఇంటికి తెలిసినంతలో ఐలయ్య బతికే ఉన్నాడు, బిడ్డ అసలు లేదు.

"మీ ఒక్కింట్లనే కాదు, ఈ గల్లీల పదకొండిండ్లల్ల ఇదే కత" అన్నాడు యాకూబ్. "మూడు దినాలు ఆయనను ఎవ్వరు పిల్వకుండ్రి. చాయ్ పెట్టకుండ్రి. మొగ్గ వాడిపోతది. బిడ్డకేమో ఓ పేరు పెట్టి పొద్దంత పిలుస్తుండుండ్రి."

అందరూ పోశవ్వ వైపు చూశారు. ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది.

"సరేతియ్యి. పోయినోడు పోయిండు, వచ్చేటోళ్ళకు జాగ కావాలె గద" అంది. "నువ్వు పిలువు బిడ్డా. దిష్టి ఉంటే నాకు తగలనియ్యి."

మూడు రోజులూ ఇల్లు చిన్ని పేరుతో మారుమోగింది. "చిన్నీ, అన్నం తిన్నవా?" అని స్వరూప. "చిన్నీ, నాయిన వచ్చిండు!" అని రాజమల్లు. నవ్వులే నవ్వులు. పోశవ్వ మాత్రం తన గదిలో మంచం దిగలేదు. పొద్దున్నే నోరు తెరిచి, గుర్తొచ్చి మూసుకునేది. నోరు విప్పితే ఆయన పేరే వస్తుందని ఆమె భయం. కోడలు కంచం తెచ్చి మంచం పక్కన పెట్టి, చిన్నితో మాట్లాడుకుంటూ వెళ్ళిపోయేది.

నాలుగోనాటి పొద్దున ఐలయ్య మొగ్గ ఎండిన సొరకాయలా ముడుచుకుపోయింది. దాని పక్కనే చిన్న మొగ్గ, పొట్టి కిటికీతో సహా! స్వరూప సంబరం చెప్పతరం కాదు. అత్తకు చెబుదామని పరుగెత్తింది.

అత్త గదికి తలుపు లేదు. తలుపుండాల్సిన చోట జానెడు సందు మిగిలింది. కంటిని ఆనించి చూస్తే లోపల పోశవ్వ మంచం మీద కూర్చుని ఉంది. రెండు పక్కల గోడలూ ఆమె మోకాళ్ళకు తగిలేంత దగ్గరికి వచ్చేశాయి. ఆమె అరవడం లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే చూస్తోంది.

కబురందుకుని యాకూబ్ పరుగున వచ్చి గొట్టం ఆనించాడు.

"ఇల్లు ముగ్గురే అంటున్నది. మీరిద్దరు, చిన్ని."

"మా అత్త?" అని స్వరూప అడిగింది.

"ఈ మూడు దినాలల్ల ఆమెను ఎవరన్న పిలిచిండ్రా అమ్మా?"

స్వరూప ఆలోచించింది. నిన్న లేదు. మొన్నా లేదు. పెత్తరమాసకు ముందు? బోనాలప్పుడు? ఎంత వెనక్కి వెళ్ళినా ఒక్క పిలుపు దొరకలేదు. కంచం పెట్టింది, మందులు పెట్టింది, ఉతికిన చీర మడిచి పెట్టింది. మామ పోయాక ఈ ఇంట్లో పోశవ్వతో మాట్లాడింది పోశవ్వే. ఆ మాటలే ఇన్నాళ్ళూ ఆమె గదిని నిలబెట్టాయి. వాటిని తామే మాన్పించారు. స్వరూపకు సిగ్గుతో, భయంతో ఏడుపు ముంచుకొచ్చింది.

"పిలువుండ్రి! ఆమె పలకాలె. పలికితేనే ఇల్లు ఆగుతది" అని యాకూబ్ తొందరపెట్టాడు.

స్వరూప సందుకు నోరు ఆనించి, "అత్తమ్మా!" అని అరిచింది. "అత్తమ్మా, పలుకు!"

పోశవ్వ తలెత్తింది. సందు వైపు చూసి, ఆ తర్వాత వెనక్కి తిరిగి, గదిలో తన వెనుక ఇంకెవరైనా ఉన్నారేమోనని వెతికింది. అంతసేపూ గోడ కదులుతూనే ఉంది.

"నన్నేనా, బిడ్డా?" అంది.