ఉమ్మడి కంచెకి ఏ రంగు?

ఆమె సాండ్‌పేపర్‌తో గుంజను రుద్దుతూనే ఉంది. నిన్న పూసిన నీలం సగం రాలింది, సగం మొండికేసింది.

"నీలానికి ఏం తక్కువైందండీ?" కంచె అవతల నుంచి అడిగాడు పక్కింటి కళ్లజోళ్ల షాపు అబ్బాయి.

రెండు తోటల మధ్య ఉన్న ఆ చెక్క కంచె రెండిళ్లకీ ఉమ్మడి. రంగు తేల్చే పని పెద్దవాళ్లు వీళ్లిద్దరి మీద పెట్టారు.

"తడిగా ఉన్నప్పుడు బాగుంది. ఆరాక బడి గోడలా తయారైంది."

"ఓసారి షాపుకి రండి. కళ్లు ఫ్రీగా టెస్ట్ చేస్తాను."

"ముందు మీవి చూసుకోండి. మొన్న బూడిద రంగు బాగుందన్నది మీరే."

అతను నవ్వి డబ్బా మూత తీశాడు. ఇవాళ పసుపు. పలకలకి తెలుపు, గుంజలకి పసుపు వేద్దామంటాడు. గుంజ మీద అరచేతంత పూశాడు. రేపటికి గాని ఆరదు, ఆరితే గాని అసలు రంగు తెలియదు. అంటే రేపు సాయంత్రం మళ్లీ ఇద్దరూ ఇక్కడ నిలబడాలి. ఇన్నాళ్లూ అలాగే గడిచింది. ఒకరు ఔనన్నదాన్ని ఇంకొకరు కాదంటూ వచ్చారు.

వెనక నుంచి నాన్న వచ్చాడు. "ఇది మీ వల్ల అయ్యే పని కాదమ్మా. రేపు పొద్దున పెయింటర్ వస్తాడు. అంతా ఆకుపచ్చ వేసేయమన్నాను." అంటూనే లోపలికి వెళ్లిపోయాడు.

అతని చేతిలో బ్రష్ ఆగింది. "ఆకుపచ్చ కూడా బాగానే ఉంటుంది," అన్నాడు నీరసంగా.

"ఉంటుంది. రేపటి నుంచి మీరు ఏ పని మీద ఇటొస్తారు?"

బ్రష్ నుంచి పసుపు చుక్క చెప్పు మీద పడింది.

ఇతను నోరు తెరిచేలోపు ఈ గుంజలకి చెదలు పడతాయనుకుంది ఆమె. "నాకు నీలం నచ్చింది. బూడిద రంగూ నచ్చింది. ఒప్పుకుంటే పని అయిపోతుందని వద్దన్నాను."

అతను కళ్లజోడు తీసి, చొక్కాకి తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "నేనూ అంతే. ఎక్కడ కనిపెట్టేస్తారోనని రోజూ భయంతో చచ్చాను."

"చచ్చింది చాలు. ఇక్కడే ఉండండి."

చేతులైనా కడుక్కోకుండా ఇంట్లోకి నడిచింది. నాన్న చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తున్నాడు. అమ్మ కూరగాయలు తరుగుతోంది.

"నాన్నా, కంచెకి ఏ రంగైనా వేయించండి. నేను మాత్రం ఆ అబ్బాయినే చేసుకుంటాను."

అమ్మ కత్తి పక్కన పెట్టింది. "రంగు తేల్చమంటే పెళ్లి తేల్చుకొచ్చావా?"

"ఇన్నాళ్లు ఎదురుగా నిలబడి చూశాకే చెబుతున్నానమ్మా."

"అతనేమన్నాడు?" నాన్న అడిగాడు.

"ఇష్టమేనన్నాడు. వాళ్లమ్మగారికి చెప్పాలంటే మాత్రం అతనికి ఏడాది పడుతుంది. మీరే మాట్లాడాలి, ఇవాళే."

"నేను కుదరదంటే?"

"రేపు మళ్లీ అడుగుతాను. ఎల్లుండి కూడా."

నాన్న ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె చూపు దించలేదు.

ఆయన కొక్కెం మీది చొక్కా తీసి మళ్లీ తొడుక్కున్నాడు. గుండీలన్నీ పెట్టుకున్నాడు, ఎప్పుడూ పెట్టని పై గుండీతో సహా. అమ్మ ఏదో అడగబోయింది. ఆయన చెప్పులేసుకుని, వాకిలి దాటి, పక్కింటి గేటు వైపు నడిచాడు.