రెండు వందల పన్నెండో లైను

ఆ పెద్దాయన ఎంత చెప్పినా కుర్చీలో కూర్చోలేదు.

"నా చేత్తో నేనే నా కూతురి కాలు విరగ్గొట్టానంటున్నారమ్మా. ఇంక కూర్చోడం కూడానా?"

డిటెక్టివ్ కళ్ళజోడు తుడుచుకుంది. ఆవిడ మేనల్లుడు గబగబా మంచినీళ్ళు తెచ్చాడు. అత్త దగ్గర సహాయకుడిగా చేరి ఇన్నేళ్ళయినా, ఏడ్చే మనిషిని చూస్తే అతని ప్రాణం ఉసూరుమంటుంది. అత్తకి అలాంటి జబ్బులేవీ లేవు.

పెద్దాయన ఒక నాటక సంస్థలో మెకానిక్. వేదిక కింద చీకట్లో కూర్చుని మీటలు లాగడం అతని పని. కథానాయిక అతని కూతురే. నాటకం చివర ఆమె ట్రంకుపెట్టె మీంచి లేచి గుమ్మం దాటాక, పెట్టె కింద నేలలో ఉన్న తలుపు తెరుచుకుని పెట్టె మాయం కావాలి. తొలి ప్రదర్శనలో ఆమె ఇంకా పెట్టె మీద ఉండగానే తలుపు తెరుచుకుంది, పెట్టెతో పాటు ఆమే కింద పడింది.

"ఎర్ర బల్బు వెలిగింది, లాగాను. పైన మాటలు నాకు వినబడవు. తెర పక్కన స్క్రిప్టు చూస్తూ బల్బు వెలిగించే ప్రాంప్టరమ్మేమో, సరైన లైను నంబరు దగ్గరే వెలిగించానంటోంది. నేను కునుకు తీసి, ఉలిక్కిపడి లాగేశానని తేల్చేశారు. ఉద్యోగం పోతే పోనీండి. అమ్మాయి నాతో మాట్లాడ్డం మానేసింది."

నాటకశాలలో దర్శకుడు తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఆ తలుపు బిగించిందే ఆ రోజు పొద్దున. రిహార్సల్సన్నీ అది లేకుండానే చేశాం. మొదటి రంగంలో ఉరుము, రెండో రంగంలో దీపం ఆరడం ఠంచనుగా జరిగాయి. ఆఖర్లోనే కొంప మునిగింది. పైగా మా హీరో కూడా కంగారుపడ్డాడు. పెట్టె మీద ఆమె పక్కన కూర్చోవాల్సినవాడు, ముందే లేచి కిటికీ దగ్గరికి పోయాడు."

"లైన్లకి నంబర్లు ఎవరు వేస్తారు?"

"మేకప్ గదిలో కంప్యూటరుంది. ఎన్ఎల్ అని కమాండ్ కొడితే నంబర్లు అదే వేస్తుంది. నేనే వేసి అందరికీ తలో కాపీ ఇచ్చాను. హీరోకీ, హీరోయిన్‌కీ కూడా వచ్చు, నేనే నేర్పాను. పెట్టె మాయమయ్యేది రెండు వందల పన్నెండో లైను దగ్గర."

ప్రాంప్టర్ కొత్తగా చేరిన అమ్మాయి. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. "రెండు వందల పన్నెండు దగ్గరే వెలిగించానండీ, ఒట్టు," అంది.

"నంబరు వద్దమ్మా. మాట చెప్పు. ఆ లైనులో ఏముంది?"

అమ్మాయి తడుముకోకుండా చెప్పింది. "'ఈ పెట్టెలో ఏముందో నీకు తెలుసా' అని."

దర్శకుడు దిగ్గున లేచాడు. "అది రంగం సగంలో మాట! రెండు వందల పన్నెండంటే 'ఇక వెళ్తున్నాను' కదా!"

అమ్మాయి తన కాపీ చూపించింది. అక్కడ నిజంగానే పెట్టె సంగతి పక్కన రెండు వందల పన్నెండు ఉంది. "ఖాళీ లైన్లకి కూడా నంబర్లు పడ్డాయి. అలాగే ఉంటాయేమో అనుకున్నా," అంది.

మేనల్లుడికి గుండె తేలికపడింది. "పొరపాటున జరిగిందన్నమాట, అత్తా!"

"ఉరుము సమయానికే ఉరిమింది కదరా," అంది ఆవిడ.

మధ్యాహ్నం అందరినీ వేదిక మీదికి పిలిచింది. కథానాయిక చంకకర్రలతో వచ్చి తండ్రికి దూరంగా నిలబడింది. హీరో జేబుల్లో చేతులు పెట్టుకున్నాడు.

"ఆ కమాండ్ ఖాళీ లైన్లని తనంతట తాను వదిలేస్తుంది," అని మొదలుపెట్టింది డిటెక్టివ్. "వాటినీ లెక్కపెట్టాలంటే పనిగట్టుకుని చెప్పాలి. అప్పుడు నంబర్లు త్వరగా పెరుగుతాయి, రెండు వందల పన్నెండు ముందే వచ్చేస్తుంది. పొరపాటైతే మొదటి రంగం నుంచే లెక్క తప్పేది, ఉరుము కూడా ముందే ఉరిమేది. కాబట్టి ఎవరో ఆఖరి రంగాన్ని మాత్రం విడిగా తీసుకున్నారు. మొదలవ్వాల్సిన నంబరు నుంచే మొదలెట్టి, ఖాళీలు కలిపి లెక్కపెట్టించి, కొత్తమ్మాయి కాపీలో ఆ కాగితాలు మార్చేశారు."

"కమాండ్ వచ్చినవాళ్ళు ముగ్గురున్నారు," అన్నాడు హీరో.

"ఉన్నారు. దర్శకుడు తన నాటకాన్ని తనే పాడుచేసుకోడు. ఆమె తన కాలు తనే విరగ్గొట్టుకోదు. మీరేమో ఆ పెట్టె మీంచి ముందే లేచారు."

"తొలి రోజు కంగారండీ."

"కంగారుపడితే మాట మర్చిపోతారు. మీరు ఒక్క మాటా తప్పలేదు. చోటు ఒక్కటే మార్చారు, అదీ సమయానికి."

హీరో గోడ మీది పోస్టరు వైపు చూశాడు. దాని మీద కథానాయిక పేరు పెద్దక్షరాల్లో, అతని పేరు దాని కింద చిన్నక్షరాల్లో ఉన్నాయి. "పడితే జనం నవ్వుతారనుకున్నాను, అంతే," అని గొణిగాడు. "కాలు విరుగుతుందనుకోలేదు."

దర్శకుడు అతన్ని బయటికి నడిపించాడు. పెద్దాయన తలెత్తలేదు. ఎవరు మోసం చేసినా లాగిన చెయ్యి తనదే. మేనల్లుడికి ఆయన్ని చూస్తే జాలేసింది.

"నాన్నా, కిందికెళ్ళు," అంది కథానాయిక.

ఆయన బిత్తరపోయి మెట్లు దిగాడు. ఆమె చంకకర్రలు టకటకలాడించుకుంటూ వెళ్ళి సరిగ్గా ఆ తలుపు మధ్యలో నిలబడింది.

"మీట దగ్గరున్నావా?" అని గట్టిగా అరిచింది.

"ఉన్నానమ్మా! నువ్వెక్కడున్నావు?"

"తలుపు మీద."

 కిందనుంచి ముక్కు చీదిన శబ్దం వినిపించింది.

"ఇకనుంచి బల్బూ వద్దు, నంబర్లూ వద్దు నాన్నా. ఇక్కడ చెక్కకి ఓ కన్నం పెట్టు. నా గొంతు విని లాగుదువుగాని."

డిటెక్టివ్ కళ్ళజోడు తీసి మళ్ళీ తుడుచుకుంది. అద్దాలు శుభ్రంగానే ఉన్న సంగతి మేనల్లుడు చూశాడు.