అక్క అడిగిన మందు

ఆ ఉదయం కూడా చెల్లెలు కింది అంతస్తులోని అక్క వాళ్ళ వంటగదిలోకి వస్తూనే ముందు బల్ల కిందికి చూసింది. అక్క పాదాలు చెప్పుల్లో వదులుగానే ఉన్నాయి. వాపు లేదు. అప్పుడు కుర్చీ లాక్కుని కూచుంది.

"తనిఖీ అయిందా? కాఫీ పొయ్యనా?" అంది అక్క.

"సగం చాలు."

"సగం అంటుంది, మళ్ళీ ఇంకో సగం అడుగుతుంది. నిండుగానే పొయ్యి," అంది అమ్మ, ఓ మూల ఉతికిన బట్టలు మడతపెడుతూ. కిటికీకి ఎప్పటిలాగే మందపాటి తెర వేసి ఉంది. అక్కకి ఎండ పడదు. బావ కళ్ళజోళ్ళ దుకాణానికి బయల్దేరే హడావుడిలో సొంత కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతుకుతున్నాడు.

"నెత్తిమీద చూసుకో బావా," అంది చెల్లెలు. అందరూ నవ్వారు.

అక్కకి లూపస్. ఒంటిని కాపాడవలసిన కణాలు దారి తప్పి ఒంటిమీదే విరుచుకుపడే జబ్బు. పందొమ్మిదేళ్ళ వయసులో, ఈత పోటీలకి రోజంతా నీళ్ళలో ఉండే రోజుల్లో, రెండు చెంపల మీదా ఎర్రగా మచ్చలు తేలాయి. ఎండదెబ్బ అనుకున్నారంతా. తర్వాత కీళ్ళు పట్టేశాయి. ఆ తర్వాత కిడ్నీల మీద పడింది. అప్పటికి చెల్లెలికి పదమూడేళ్ళు. ఆస్పత్రి మంచం పట్టుకుని నిలబడి, "పెద్దయ్యాక నీకు మందు నేను కనిపెడతా," అంది. పిల్లలు అనే మాటే. అందరూ మర్చిపోయారు. ఆమె ఒక్కతే మర్చిపోలేదు. ఆ మాట పట్టుకునే చదివింది, ఆ మాట పట్టుకునే ల్యాబ్‌లో చేరింది. ఏళ్ళ తరబడి ఎలుకలతోనూ, కిడ్నీ ముక్కలను అతికించిన గాజు పలకలతోనూ కాపురం చేసింది. పెళ్ళి సంబంధాలు వచ్చినప్పుడల్లా "ఈ పని ఒక కొలిక్కి రానీ" అనేది. కొన్నాళ్ళకి సంబంధాలు రావడమే మానేశాయి.

ఇన్నాళ్ళకి పని నిజంగా ఒక కొలిక్కి వచ్చింది. రోగి రక్తంలోంచే కొన్ని కణాలు బయటికి తీసి, దారి తప్పినవాటిని గుర్తుపట్టి తుదముట్టించేలా వాటిని మార్చి, తిరిగి ఎక్కించే వైద్యం. ఎలుకల్లో కిడ్నీలు తేరుకున్నాయి. ఇప్పుడు ఆస్పత్రిలో మనుషుల మీద మొదటి ట్రయల్ మొదలవబోతోంది. జబ్బు ఇప్పుడు నెమ్మదించి ఉన్నా, మూడుసార్లు తిరగబెట్టినవాళ్ళని తీసుకుంటారు. అక్కకి సరిగ్గా మూడుసార్లు తిరగబెట్టింది. గురువారం మొదటి పరీక్షలకి రమ్మన్నారు. ఆ సంగతి అమ్మ మెట్ల మీద ఎదురైన ప్రతి మనిషికీ చెప్పేసింది.

"గురువారం సెలవు పెట్టావా?" అడిగింది చెల్లెలు. అక్క లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు బాగుచేస్తుంది.

"పెడతాలే," అంటూ అక్క మాత్రలు అరచేతిలో వేసుకుని నీళ్ళ గ్లాసు అందుకుంది.

చెల్లెలు కావాలని చూడలేదు. కళ్ళకి అదొక అలవాటు. ఏళ్ళుగా ఆ చేతిలో కనిపించే ఊదారంగు పెద్ద మాత్రలు లేవు. వాటి చోట లేతపసుపు రంగులో చిన్న మాత్ర ఒకటి ఉంది.

"అక్కా, ఆగు. ఆ పెద్ద మాత్రలేవి?"

అక్క మాత్ర మింగి, గ్లాసు మెల్లగా కింద పెట్టింది. "మార్చారు."

"ఎవరు మార్చారు? ఎప్పుడు?"

"డాక్టరమ్మే. మూడు నెలలైంది. నువ్వు రాకముందే మింగేసేదాన్ని."

అక్కకి వైద్యం చేసేదీ, ఆ ట్రయల్ నడిపేదీ ఆ డాక్టరమ్మే. చెల్లెల్ని వారానికి రెండుసార్లు కలుస్తూ కూడా ఆవిడ ఒక్క ముక్క చెప్పలేదు. ఆ ఊదారంగు మాత్రలు కడుపులో బిడ్డకి చేటు చేస్తాయి. నెమ్మదించిన జబ్బుకి వాటిని మాన్పించి ఈ పసుపు మాత్ర ఇచ్చారంటే, చెల్లెలికి తెలిసినంతవరకు ఒకటే కారణం.

"నువ్వు పిల్లల కోసం చూస్తున్నావా?"

అమ్మ చేతిలో మడత జారిపోయింది. గుమ్మం దాటబోతున్న బావ అక్కడే ఆగిపోయాడు.

"చూస్తున్నా," అంది అక్క. "గురువారం రాను. ఎలా చెప్పాలో తెలీక రోజులు నెట్టుకొచ్చాను."

"నీకు మతి ఉండే మాట్లాడుతున్నావా? మూడుసార్లు చావు దాకా వెళ్ళొచ్చావు. కడుపుతో ఉండగా తిరగబెడితే కిడ్నీలు పోతాయి. నువ్వే పోతావు."

"పోవచ్చు. పోకపోవచ్చు కూడా. ఏడాదిగా నెమ్మదిగా ఉంది కాబట్టి జాగ్రత్తగా ప్రయత్నించొచ్చని డాక్టరమ్మ అంది. నీకు నేనే చెప్పాలి, ఆవిడ చెప్పకూడదట. నీకు చెప్పేదాకా ట్రయల్‌లో నా పేరు ఉంచమని నేనే అడిగాను. ఆవిడ మీద కోపం పెట్టుకోకు."

"బావా, నువ్వేం చేస్తున్నావు? నువ్వైనా చెప్పొద్దా?"

బావ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "నెల రోజులు వద్దన్నాను. నాకు నువ్వుంటే చాలన్నాను. ఆ నెలంతా ఆమె నాతో సరిగ్గా మాట్లాడలేదు. పోట్లాడినా బాగుండేది. ఇల్లంతా ఎవరో దూరపు చుట్టంలా తిరిగేది. నాకు భయంగానే ఉందమ్మా. అయినా సరే అన్నాను."

అమ్మకి ముందు కోపం వచ్చింది, ఆ వెనకే కన్నీళ్ళు వచ్చాయి. "చేతివేళ్ళు ముడుచుకోలేని రోజులున్నాయి నీకు. పుడితే ఎవరెత్తుకుంటారే?"

"నువ్వు లేవూ?" అంది అక్క. అమ్మ జారిన బట్ట తీసుకుని మళ్ళీ మడతపెట్టింది.

చెల్లెలు ఊరుకోలేకపోయింది. "నేను ఇన్నేళ్ళు ఎవరి కోసం చేశానక్కా ఇదంతా? నా బతుకంతా ఆ ల్యాబ్‌లో పోసేశాను. తీరా తలుపు తెరుచుకునే వేళకి నువ్వు వెనక్కి తిరిగి పోతానంటావా?"

"నా కోసమే చేశావు. నాకు తెలీదూ?" అక్క గొంతు పెరగలేదు. "కానీ పిచ్చుకా, నువ్వొస్తే ముందు నా కాళ్ళు చూస్తావు. తర్వాత వేళ్ళు చూస్తావు. మూత్రంలో ప్రొటీన్ ఎంత పోతోందో అడుగుతావు. నా మొహం ఎప్పుడు చూశావు? సాయంత్రం మెట్ల మీద నీ అడుగులు వినబడితే చెల్లెలొస్తోందని ఆశపడతాను. తలుపు తీస్తే ఓ పెద్ద డాక్టరు నిలబడి ఉంటుంది."

"నేను డాక్టర్ని కాదు."

"అంతకన్నా ఎక్కువ. డాక్టరమ్మైనా అప్పుడప్పుడు వానల గురించి మాట్లాడుతుంది."

పిచ్చుక అనేది చిన్నప్పుడు అక్క పెట్టిన పేరు, తెల్లారకముందే కిచకిచమని వాగుతుందని. ఆ పేరు విని ఎన్నాళ్ళయిందో. ఇంకోరోజైతే ఆ ఒక్క పిలుపుకే చెల్లెలు కరిగిపోయేది. ఆ రోజు మాత్రం కాఫీ అలాగే వదిలేసి, "నీ ఇష్టం. ఏదైనా అయితే నన్ను పిలవొద్దు," అని వెళ్ళిపోయింది. మెట్లెక్కుతుంటే తన మాట తనకే చెవుల్లో గుచ్చుకుంది. అయినా వెనక్కి తిరగలేదు.

తర్వాత చాలా రోజులు ఆమె కిందికి దిగలేదు. అమ్మే రెండు అంతస్తుల మధ్యా రాయబారం నడిపింది. పైకొచ్చి కింద ఏం వండారో చెప్పేది. కిందికెళ్ళి పైన ఎవరు సరిగ్గా తినలేదో చెప్పేది. అక్క ఏమంటోందని చెల్లెలు అడిగేది కాదు. కానీ అమ్మ కింద నుంచి వచ్చిన ప్రతిసారీ చేతిలో పని ఆపి చెవి అటు పడేసేది.

ఆ వారాల్లోనే ట్రయల్ మొదలైంది. అక్క కోసం అట్టేపెట్టిన చోటు కాలేజీలో చదువుకునే ఒక అమ్మాయికి దక్కింది. మందులకి ఉబ్బిన గుండ్రటి మొహం, కిడ్నీ జబ్బుకి వాచిన కాళ్ళు. ఆ అమ్మాయికి అన్నీ విడమరిచి చెప్పే రోజున, కణాల గురించిన సందేహాలు తీర్చడానికి చెల్లెల్ని కూడా డాక్టరమ్మ పిలిపించింది. చిన్న గది, మూడు కుర్చీలు, గోడకి కిడ్నీ బొమ్మ.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పుకుపోయింది. "కణాలు ఎక్కించేముందు ఒక గట్టి మందు ఇస్తాం. దానివల్ల తర్వాత పిల్లలు పుట్టడం కష్టం కావచ్చు. ముందే అండాలు తీసి దాచుకునే వీలుంది. కానీ అందుకు వేసే ఇంజెక్షన్లకి కొందరిలో జబ్బు రేగుతుంది. ఇది తేలిగ్గా తీసుకునే సంగతి కాదు. బాగా ఆలోచించుకో."

ఆ అమ్మాయి చెల్లెలి వైపు తిరిగింది.

"మేడమ్, మీ ఇంట్లో ఎవరికైనా ఉందా ఈ జబ్బు?"

"మా అక్కకి ఉంది."

"మరి ఆవిడ ఈ పిల్లల సంగతి వినగానే ఏమన్నారు?"

చెల్లెలు ఆ గట్టి మందు మోతాదు గురించి గంటల తరబడి వాదించింది. అది ఆడవాళ్ళకి ఏం చేస్తుందో నలుగురికి బోధించింది. అక్కతో మాత్రం ఆ మాట ఎత్తనే లేదు. దాచాలని కాదు. అక్కకి అలాంటి కోరిక ఒకటి ఉండొచ్చని తోచనే లేదు. ఇన్నేళ్ళుగా తన మనసులో ఉన్నది మంచం మీది పందొమ్మిదేళ్ళ పిల్ల. జబ్బు రాకముందు ఎలా ఉందో అలా ఆ పిల్లని తిరిగి తెచ్చుకోవాలన్నదే తన ఆరాటమంతా. ఈలోగా కింది అంతస్తులో అక్క పెద్దదైంది, ఒకరిని ప్రేమించింది, కాపురం చేసింది, ఒక బిడ్డ కోసం లోలోపల తపించిపోయింది. అదేదీ తను చూడలేదు.

"నేను అడగలేదమ్మా," అంది చివరికి. డాక్టరమ్మ నీళ్ళ సీసా ఆమె ముందుకి జరిపింది.

అక్కడినుంచి ఆమె తిన్నగా లైబ్రరీకి వెళ్ళింది. మెట్లు దిగితే కిటికీలు లేని గది. దీపం కింద అక్క ఒక లావుపాటి పుస్తకం వీపు విప్పి, విడిపోయిన కాగితాలను దారంతో కుడుతోంది. జిగురు వాసన. చెల్లెల్ని చూసి సూది ఆపింది.

"అమ్మకేమైనా అయిందా?"

"ఏం కాలేదు. ఊరికే వచ్చా." చెల్లెలు ఎదుటి స్టూలు మీద కూచుంది. ఈసారి అక్క మొహమే చూసింది. కళ్ళ కింద చారలు పడ్డాయి, కణతల దగ్గర నాలుగు తెల్లవెంట్రుకలు వచ్చాయి. ఎప్పుడొచ్చాయో ఇవి? "అక్కా, నీకు ఎప్పట్నించి కావాలనిపించింది?"

అక్క దారం పళ్ళతో తెంపింది. "పెళ్ళైన కొత్తలోనే. అప్పుడు రెండోసారి తిరగబెట్టింది కదా. అందరూ నన్ను బతికించుకునే హడావుడిలో ఉన్నారు. ఆ గోలలో నాకు బిడ్డ కావాలని ఎలా అడగను? మొక్కలు కొన్నాను. పక్కింటి పాపకి జడలు వేశాను. ఇక్కడ పిల్లల పుస్తకాలన్నీ నేనే అడిగి తీసుకుని బాగుచేస్తాను. పోతుందేమో అనుకున్నా పిచ్చుకా. పోలేదు."

చెల్లెలు ఏడ్చింది. అక్క జిగురు చేత్తోనే ఆమె తల నిమిరింది. నాలుగు వెంట్రుకలు చేతికి అతుక్కున్నాయి. ఇద్దరికీ ఒకేసారి నవ్వు వచ్చింది.

"పాప కావాలా, బాబా?" అంది చెల్లెలు ముక్కు తుడుచుకుంటూ.

"ఎవరైనా సరే. నీలా మొండిఘటం కాకపోతే చాలు."

అక్కకి నెల తప్పింది ఆ శీతాకాలంలో. మొదటి నెలలు బాగానే గడిచాయి. ఆరో నెల దాటాక రక్తపోటు పెరిగింది, కిడ్నీలు మళ్ళీ మొరాయించాయి. అక్కని ఆస్పత్రిలో పెట్టుకున్నారు. రోజూ చెల్లెలు ల్యాబ్ నుంచి నేరుగా అక్కడికే వెళ్ళేది. రిపోర్టులు బావ చేతికే వదిలేసి, తను మంచం పక్కన కూచుని కబుర్లు చెప్పేది. ఎలుకలు పంజరంలోంచి పారిపోయిన కథ చెబితే అక్క పొట్ట పట్టుకుని నవ్వేది. భయం లేదని కాదు.

పాప ఎనిమిదో నెలలోనే పుట్టింది, అరచేతికన్నా కాస్త పెద్దగా. కొన్ని వారాలు గాజుపెట్టెలో ఉంచారు. పాప తేరుకుంది. అక్క కూడా తేరుకుంది గానీ మునుపటంత కాదు. కిడ్నీలు ఇంకొంత దెబ్బతిన్నాయని డాక్టరమ్మ దాచకుండానే చెప్పింది.

అక్క చోటు దక్కిన ఆ కాలేజీ అమ్మాయి మాత్రం ట్రయల్‌లో బాగా కోలుకుంది. మొహం ఉబ్బు తగ్గాక ఎవరో కొత్తమనిషిలా ఉంది. మందులన్నీ ఒక్కొక్కటే మాన్పించారు. మళ్ళీ క్లాసులకి వెళ్తున్నానని చెప్పడానికి ల్యాబ్ దాకా వచ్చింది. చెల్లెలికి సంతోషంతో గుండె నిండిపోయింది. ఆ నిండుదనంలోనే ఎక్కడో ఓ మూల కలుక్కుమంది. అక్క కూడా ఇలా నడిచి రావలసింది.

ఆ మధ్యాహ్నం తెర వేసిన గదిలో అక్క పాపని గుండెల మీద పడుకోబెట్టుకుని ఉంది. చెల్లెలు పక్కన కూచుని ఆ అమ్మాయి సంగతి చెప్పింది. దాచాలనిపించలేదు.

అక్క పాప వీపు నిమురుతూ ఉంది.

"నాకూ అలా అయ్యేదేమో కదా," అంది.

"అయ్యేదేమో."

"బాధపడటం లేదే. పాప లేని బతుకు ఇప్పుడు ఊహకి కూడా అందదు. కానీ అదీ కావాలనిపిస్తోంది." అక్క కళ్ళు తడయ్యాయి. "ఇన్నాళ్ళూ మీరంతా నన్ను బతికించాలని చూస్తుంటే, సరే మీ కోసమని మందులు మింగేదాన్ని. మొదటిసారి నాకే ఆశ పుడుతోంది. దీనికి జడలు వేసేదాకా ఉండాలి. ఇది నాతో పోట్లాడేదాకా ఉండాలి. ట్రయల్ మళ్ళీ పెడతారా? నన్ను తీసుకుంటారా?"

ఇన్నేళ్ళూ ఆ ప్రశ్న కోసమే చెల్లెలు ఎదురుచూసింది. కానీ దెబ్బతిన్న కిడ్నీలు ఆ వైద్యాన్ని తట్టుకుంటాయో లేదో ఇంకా ఎవరికీ తెలియదు.

"తెలీదక్కా," అంది. "కనుక్కుంటాను. ఈసారి నీకు చెప్పకుండా ఒక్క అడుగు కూడా వెయ్యను."

"ఇప్పుడే వెళ్ళిపోతావా ల్యాబ్‌కి?"

"లేదు. కాసేపు ఉంటాను."

అక్క గోడవైపు కొంచెం జరిగి చోటిచ్చింది. చెల్లెలు చెప్పులు విడిచి ఆ ఇరుకులోనే పక్కన వాలింది. పాప నిద్రలో చిన్నగా మూలిగి, మళ్ళీ సర్దుకుంది.