చావులేని ఏజెంటు

“స్తమాతీ, ప్రొఫెసర్ మాంథోస్‌ని ఈరోజే లేపేస్తారట. వైర్‌లెస్‌లో పట్టుకున్నాం. ఏజెంటు కోడ్‌నేమ్ ‘అథానాతోస్’,” అన్నాడు చీఫ్ ఫోన్‌లో.

“మగా, ఆడా?”

“తెలిస్తే నిన్నెందుకు నిద్ర లేపుతానయ్యా? ముసలాయనది గుండెజబ్బు. చెప్పకుండా కాపలా కాయి.”

స్తమాతిస్ నిట్టూర్చాడు. ఇన్నేళ్ళ సీక్రెట్ సర్వీసులో అతనికి మిగిలిన సీక్రెట్ నడుంనొప్పి ఒక్కటే. కాఫీ అయినా తాగకుండా, పైపులు బాగుచేసేవాడి వేషంలో యూనివర్సిటీకి ఈడ్చుకుంటూ వెళ్ళాడు. విదేశీ ముఠా సంకేతభాష విప్పగల మనిషి ఏథెన్స్ మొత్తానికి మాంథోస్ ఒక్కడే.

గేటు దగ్గర గార్డు పానోస్ గొణుగుతున్నాడు. “ఇవాళ సెయింట్ అథనాసియోస్ పండుగ. ఆ పేరు పెట్టుకున్నవాళ్ళకి పుట్టినరోజుకన్నా గొప్ప. ప్రొఫెసర్‌గారి సెక్రటరీ అథనాసియాగారి పేరు పండుగ కదా అని ‘నూరేళ్ళు బతకండి’ అన్నాను. థాంక్స్ అని చక్కా పోయింది!”

స్తమాతిస్ వినీ విననట్టు మెట్లెక్కి, మాంథోస్ గదిలో పైపు విప్పుతూ మాట కలిపాడు.

“మాస్టారూ, అథానాతోస్ అంటే?”

“పైపులవాడికి వ్యాకరణమా! దేశం బాగుపడుతోంది నాయనా. అది విశేషణం. థానాతోస్ అంటే చావు. ముందు ‘అ’ పెడితే చావులేని. ప్రాచీన గ్రీకులో దేవుడికైనా దేవతకైనా ఒకటే రూపం, ఆడా మగా అని చివర మారదు.”

“అంటే మీసమైనా ఉండొచ్చు, మస్కారా అయినా ఉండొచ్చు. బాగానే ఉంది!”

మస్కారాయే ముందొచ్చింది. నెల కిందట చేరిన అథనాసియా, నక్సోస్ దీవిలో పుట్టానని చెప్పుకునే అందగత్తె. చేతిలో పళ్ళెం. పళ్ళెంలో పంచదారపొడి చల్లిన బాదం బిస్కెట్, ఒకే ఒక్కటి.

“నా పేరు పండుగ సార్. మీకోసం.”

ప్రొఫెసర్ ఆబగా అందుకున్నాడు.

“మరి నాకో?” అన్నాడు స్తమాతిస్, ఆకలికి ఆగలేక.

“పైపులవాళ్ళకి కూడానా?” నవ్వింది ఆమె.

అతని మత్తు వదిలింది. ఈ దేశంలో పేరు పండుగ ఎవరిదైతే వాళ్ళే అందరి నోరూ తీపి చేయాలి. గార్డుకి, పైపులవాడికి, పగవాడికి కూడా. ఆ అలవాటు దొంగ పాస్‌పోర్టుతో రాదు. విషాన్ని పసిగట్టే చేతిగడియారం మీట నొక్కాడు. బ్యాటరీ అయిపోయింది. దాని బాధ అతనికి అర్థమైంది.

బిస్కెట్ పెదవులకు తగలబోతుండగా రెంచితో ఎగరగొట్టాడు.

“ఏం మనిషివయ్యా నువ్వు!”

“మాస్టారూ, వేళ్ళు నాకకండి!” కిందపడిన ముక్కను రుమాలుతో తీసి ఆమె నోటి దగ్గర పెట్టాడు. “నూరేళ్ళు బతకాలి తల్లీ. తిను.”

“నేను... డైటింగ్‌లో ఉన్నా.”

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోని పిస్తోలు మీదికి పోయింది. రెంచి ముందుగా చేరింది. చప్పుడు విని పానోస్ పరుగున వచ్చి మహా తృప్తిగా బేడీలు వేశాడు.

స్తమాతిస్ ఫోన్‌లో చీఫ్‌కి సంగతి చెప్పాడు. “శభాష్ స్తమాతీ! సాయంత్రం ఇంకో కేసుంది.”

స్తమాతిస్ కుర్చీలో కూలబడ్డాడు.

“మాస్టారూ, ముందు ‘అ’ పెడితే లేకుండా పోతుందన్నారు కదా. డ్యూటీకి కూడా ఒకటి తగిలించండి.”