పురుగుల ఇంట్లో దాక్కున్నవాడు

ఆ ఉదయం కూడా మునెమ్మ మల్బరీ ఆకు కోసుకొచ్చి, పట్టుపురుగులకు మేత వేసి, చేతులు కడుక్కుంది. భర్త పోయాక కెలమంగలం దగ్గరి ఆ రెండెకరాల తోటతోనే ఇద్దరు పిల్లల్ని పెంచుకొచ్చింది. అది 2007. కూతురు ఆశకు హోసూరులో నర్సింగ్ సీటు వచ్చింది. సోమవారం ఫీజు కట్టకపోతే సీటు పోతుంది. దానికోసమే పట్టుగూళ్ళమ్మిన ఇరవై రెండు వేలు దాచింది.

దాచిన చోటు కొడుకు హేమంత్ బ్యాంకు ఖాతా. ఇంట్లో ఉంటే అప్పు వసూలువాళ్ళ కంట పడుతుందని ఆమె భయం. హేమంత్ లోను తీసుకుని హోసూరులో సెల్‌ఫోన్ల అంగడి పెట్టాడు. అది మునిగిపోయి ఇంటికొచ్చేశాడు. వసూలువాళ్ళు వచ్చి వీధంతా వినబడేలా అరిచేవారు. వాళ్ళ బండి చప్పుడు వినగానే మునెమ్మ కొడుకును పురుగుల ఇంట్లోకి తోసేది. పురుగుకు రోగం తగులుతుందని అందులోకి బయటివాళ్ళను ఎవరూ రానివ్వరు. "వాడు ఊళ్ళో లేడప్పా" అనేది, రెప్ప కూడా వేయకుండా. తల్లి కడుపు, ఏం చేస్తుంది మరి.

పదకొండు గంటలకు ఆశ బ్యాంకు నుంచి హేమంత్ పాస్‌బుక్కు పట్టుకుని వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అమ్మా, మూడు వేలే ఉండాది. మిగతాదంతా లోనుకు పట్టుకునేసినారంట. ఖాతాలో డబ్బు పడితే లోను ఇచ్చినోళ్ళే తీసుకోవచ్చునని అన్న ముందే సంతకం పెట్టినాడంట."

మునెమ్మ తిన్నె మీద కూలబడింది. "నీకు తెలుసునా?" అని గడపలో నిలబడ్డ కొడుకును అడిగింది.

"తెలుసునమ్మా."

"నేను డబ్బు కట్టేటప్పుడు పక్కనే ఉంటివి కదరా. స్లిప్పు రాసింది నువ్వే కదరా."

"చెప్దామనే అనుకున్నాను. నువ్వేమో బ్యాంకు వరసలో అందరికీ నా కొడుకు ఖాతా అని చెప్పుకుంటా ఉంటివి. నోరు రాలేదు."

"నా చదువు పోయింది కదన్నా," అంది ఆశ.

అంతలో వాకిట్లో బండి ఆగింది. అలవాటు కొద్దీ హేమంత్ గబగబా పురుగుల ఇంట్లోకి పోయి తలుపు వేసుకున్నాడు. మునెమ్మ ఆ తలుపు వైపే చూస్తూ ఉండిపోయింది. వాడికి దాక్కోవడం నేర్పింది తనే. అలాంటివాడికి నిజం చెప్పడానికి నోరెక్కడి నుంచి వస్తుంది?

వచ్చినవాడు ఆనంద్, వసూలుకు తిరిగే కల్లావి ఊరి మనిషి. "యాడమ్మా మీవాడు? ఇంకొక నెల కంతు బాకీ ఉంది. ఈ పొద్దు కూడా ఊళ్ళో లేడా?"

మునెమ్మ లేచి నిలబడింది. "ఉన్నాడప్పా. ఇన్నాళ్ళూ ఈడనే ఉన్నాడు. లేడని నేనే అబద్ధం చెప్పినాను." వెనక్కి తిరిగి, "బయటికి రా నాయనా. నేను పక్కనే ఉంటాను," అంది.

తలుపు చాలాసేపు కదల్లేదు. చివరికి హేమంత్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "నెల దినాలు గడువు ఇయ్యండన్నా. కూలికైనా పోయి కడతాను. ఆడోళ్ళ మీద మాత్రం అరవొద్దండి."

ఇన్నాళ్ళకు మనిషి కనబడేసరికి ఆనంద్‌కు అరవడానికి ఏమీ తోచలేదు కాబోలు. గడువు రాసి, సంతకం తీసుకుని వెళ్ళిపోయాడు.

హేమంత్ చెల్లెలి దగ్గరికి వచ్చాడు. "సోమవారం నేనూ వస్తాను. నీ ఫీజు పోగొట్టింది నేనేనని ప్రిన్సిపాలమ్మకు చెప్పి గడువు అడుగుతాను."

ఆశ పాస్‌బుక్కు అన్న చేతిలో పెట్టింది. "ఆడ కూడా ఇట్లనే చెప్పల్ల. తల దించుకోకుండా," అంది.

మునెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కూతురి సీటు నిలుస్తుందో లేదో ఆమెకు తెలియదు. కొడుకు మాత్రం ఇన్నాళ్ళకు ఇంటికి వచ్చాడనిపించింది.