యారాడ మధ్యాహ్నం బస్సు

బస్సెక్కిన మొదటి రోజే కాంతం కండక్టర్ అర్జునరావుతో గొడవ పెట్టుకుంది. పట్నంలోని పూర్ణా మార్కెట్‌కి టికెట్టు తీసుకుంది, తీరా మార్కెట్ వస్తే దిగలేదు.

"నాను దిగను. తిరుగు టికెట్టు కొట్టు."

"మరేటి పనిమీదొచ్చావు?"

"బస్సెక్కడమే పని. నీకేటి నొప్పి?"

డ్రైవర్ పీర్ మహమ్మద్ అద్దంలో చూసి మీసాల్లో నవ్వుకున్నాడు.

యారాడ, పట్నానికి కొండకవతల సముద్రం ఒడ్డున ఉన్న చిన్న పల్లె. ఎనభై ఒకటిలో బస్సు వచ్చేదాకా ఆడవాళ్ళు చేపల గంపలు నెత్తిన పెట్టుకుని కొండ దాటేవారు. పొద్దుటి ట్రిప్పులో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. మధ్యాహ్నం మాత్రం బస్సు బోసిపోయి వచ్చేది. కాంతం రోజూ ఎక్కేది ఆ ట్రిప్పులోనే. గంపా లేదు, సంచీ లేదు. కిటికీ పక్కన కూర్చుని పట్నం దాకా వచ్చి, అదే బస్సులో ఊరికి తిరిగి వెళ్ళేది.

అర్జునరావు పట్నంలో జాలరిపేట కుర్రాడు. వల వదిలి కండక్టరై ఇంకా ఏడాది కాలేదు. ఆ పిల్ల నీకోసమే వస్తోందని పీర్ మహమ్మద్ అనగానే నమ్మేశాడు. ఖాకీ చొక్కాకి రోజూ ఇస్త్రీ మొదలైంది.

ఒక వానరోజు బస్సులో ఆమె ఒక్కతే ఉంది. పైకప్పు కారుతోందని ముందు సీటుకి వచ్చి కూర్చుంది. అతను ధైర్యం తెచ్చుకున్నాడు.

"నాకోసవే వత్తన్నావని నాకు తెలుసు కాంతం. నాకూ నువ్వంటే ఇష్టవే. మీ అయ్యతో మాటాడమంటావా?"

ఆమె కళ్ళు పెద్దవి చేసి చూసింది.

"నీకోసవని ఎవలు సెప్పారు? మా ఊర్లో జనం తక్కువ, కాళీగా తిరిగితే ఈ ట్రిప్పు తీసేత్తారంట. అందుకని ఇంటికొకలం వంతులేసుకుని ఎక్కుతన్నాం. మొన్న పోతమ్మప్ప మనవడికి ఫిట్సొత్తే ఈ బస్సే గదా పెద్దాసుపత్రికి సేర్చింది. నువ్వే గదా ఎత్తుకుని పరిగెత్తావు." చివరి మాట దగ్గర గొంతు తగ్గి, మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది.

అర్జునరావు నెత్తిన పిడుగు పడినట్టయింది. టికెట్ల సంచీ పట్టుకుని వెనక సీటు దాకా వెళ్ళి కూలబడ్డాడు.

మర్నాడు ఆమె రాలేదు. ఆ సీట్లో ముసలి దాలయ్య కూర్చుని పట్నం దాకా గురక పెట్టాడు. ఆ తర్వాత ఇంకెవరో, ఇంకెవరో. వంతుల మాట నిజమేనన్నమాట. ఇస్త్రీ ఆగిపోయింది. పీర్ మహమ్మద్ తన టిఫిన్‌లో సగం పెట్టినా అతను ముట్టలేదు.

కొన్నాళ్ళకి ఆ ట్రిప్పు ఖాయమైందని డిపోలో చెప్పారు. ఆ మధ్యాహ్నమే యారాడలో ఓ బలమైన మనిషి ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి, అర్జునరావంటే ఎవరని అడిగాడు. కాంతం తండ్రి ఎల్లాజీనని తనే చెప్పుకున్నాడు. అర్జునరావు రెండడుగులు వెనక్కి వేశాడు. తన్నులు తప్పవనుకున్నాడు.

"మా ఇంటి వంతు ఎప్పుడో గాని రాదు బాబూ. అందరి వంతులూ మా కాంతవే అడిగి తీసుకుంది. ఊరంటే ఎంత పేనమో అని మేం మురిసిపోయాం. నువ్వడిగిన కాణ్ణించి సిగ్గుతో ఇల్లు కదల్దు, మెతుకు ముట్టదు. వాళ్ళమ్మ నిలదీత్తే రాత్రి బయటపడింది."

అర్జునరావు నిర్ఘాంతపోయాడు. విన్నది నిజమో కాదో తేల్చుకోలేక పీర్ మహమ్మద్ వైపు చూశాడు. ఆయనా నోరు తెరుచుకునే ఉన్నాడు.

"మీ అమ్మ ఇంటికాడే ఉంటాది గదా?" అన్నాడు ఎల్లాజీ. "నీకు ఇష్టవైతే ఇప్పుడే వెళ్ళి మాటాడతాం."

అతను తల ఊపాడు. అప్పటికే తండ్రి వెనక కాంతం బస్సెక్కుతోంది. కొత్త చీర, జడనిండా కనకాంబరాలు. తల దించుకునే అతని దగ్గర ఆగింది.

"అలా నిలబడిపోయావేటి? రైట్ సెప్పు, పొద్దుపోతంది."

అతను రైట్ చెప్పడం మరిచి ఆమెనే చూస్తున్నాడు. పీర్ మహమ్మదే గేరు మార్చి బస్సు కదిలించాడు.