ఆఖరి సాక్షి నాడి

మొదటి సాక్షి మేడ మీంచి పడి పోయాడు. రెండో సాక్షి కాఫీ తాగి కన్నుమూశాడు. రెండూ ప్రమాదాలేనని పోలీసులు చేతులు దులుపుకున్నారు. ఇక మిగిలింది లెక్కల మాస్టారొక్కరే. సొంత జనాన్నే రహస్య జైళ్లలో కుక్కి చిత్రహింసలు పెట్టించిన జనరల్‌ను అంతర్జాతీయ కోర్టు ఎలాగో బోనెక్కించింది. ఇవాళ మాస్టారు నోరు విప్పకపోతే మానవాళిపై నేరాల కేసు గోవిందా!

ఆయన్ని కాపాడే పని ఏజెంట్ డేగ నెత్తిన పడింది. వేషం కోర్టు బంట్రోతు. యూనిఫాం కాలరు గొంతు పిసుకుతోంది. హెడ్డాఫీసు పంపిన బటన్ కెమెరాలో ఛార్జింగ్ లేదు. ఇంకో మనిషిని పంపమంటే బడ్జెట్ లేదన్నారు. ఛీ, ఇదీ ఒక ఉద్యోగమేనా అని డేగకు ఒళ్లు మండిపోతోంది.

సాక్షుల గదిలో మాస్టారికి చెమటలు కారిపోతున్నాయి. పిలుపు వచ్చేలోగా కోర్టు డాక్టరు ఆయన్ని ఒకసారి చూడాలి. తలుపు తీసుకుని డాక్టరమ్మ వచ్చింది. ముత్యాల దుద్దులు, ఖరీదైన సెంటు, చూసినవాడు కళ్లు తిప్పుకోలేని అందం. కోడ్‌వర్డ్ తడుముకోకుండా చెప్పింది. కోర్టు డాక్టరుకు ఇంత సోకేమిటని డేగ ఇయర్‌పీస్‌లో గుసగుసగా అనుమానం చెప్పబోతే బాస్ కసురుకున్నాడు.

"మన మనిషేనయ్యా. జనరల్ ముఠా గుట్టు మనకు చేరవేస్తున్నది ఈవిడే. అడ్డు తగలకు."

పైవాళ్లకు చెప్పడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. డేగ పళ్లు కొరుక్కుంటూ తప్పుకున్నాడు.

ఆమె మాస్టారి మెడ మీద రెండు వేళ్లు ఆనించింది. ఒంట్లో ఎలా ఉందని అడగలేదు. అసలాయన మొహమే చూడలేదు. రెండో చేత్తో సిరంజి తీస్తూ, తలుపు దగ్గరున్న బంట్రోతు వైపు తిరిగి మామూలుగా అడిగింది.

"ఇంకా ఎంతసేపు తట్టుకోవాలి ఇతను?"

మాస్టారు కొయ్యబారిపోయారు.

"ఆ జైల్లో నా కళ్లకు గంతలు కట్టారు బాబూ. కానీ ఆ గొంతు ఇదే" అన్నారు.

డేగకు అప్పుడు వెలిగింది. ఏ డాక్టరైనా రోగిని అడుగుతాడు. కాపలావాణ్ణి అడిగేది ఒక్కచోటే. కొట్టేవాడు కొడుతుంటే, ప్రాణం పోకుండా నాడి చూడ్డానికి డాక్టర్ని పెట్టుకునే గదిలో. ఏళ్ల తరబడి చేసిన పని, అలవాటుగా నోటికొచ్చేసింది.

సూది మాస్టారి చేతిని తాకింది. చెవిలో బాస్ ఇంకా సణుగుతూనే ఉన్నాడు. డేగ ఇయర్‌పీస్ పీకి పారేసి ఒక్క దూకు దూకాడు, ఆమె మణికట్టు మెలిపెట్టాడు. సిరంజి నేల మీద పడి పగిలింది. సరిగ్గా అప్పుడే బయట సాక్షిని పిలిచారు. మాస్టారు కళ్లు తుడుచుకుని, నిటారుగా నడిచి లోపలికి వెళ్లారు.

బేడీలు పడ్డా డాక్టరమ్మ జుట్టు చెదరలేదు.

"నాకు లాయరు కావాలి. నా మీద చెయ్యి పడకూడదు. అంతర్జాతీయ చట్టం తెలుసుగా?"

డేగ పిడికిలి బిగించాడు. ఎంత కోపమొచ్చిందంటే ఏడుపొచ్చింది. మెల్లగా పిడికిలి విప్పి ఆమెకు కుర్చీ జరిపాడు.

"కూర్చోండి మేడమ్. ఏం చేస్తాం, ఆ చట్టం మీక్కూడా వర్తిస్తుంది."